తీరం దాటిన చోటు, మునిగిన చోటు

1977 నవంబరు 19 నాటి తుపానును మనం దివిసీమ ఉప్పెన అంటాం. నిజానికి ఆ తుపాను కేంద్రం తీరం దాటింది దివిసీమలో కాదు, దానికి పడమరగా చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని వాదించేవారూ ఉన్నారు. ఆ ప్రాణాల్లో ఎక్కువ భాగం పోయింది మాత్రం కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమ పల్లపు ఊళ్లలో. కేంద్రానికీ మృత్యువుకీ ఉన్న ఈ ఎడాన్ని గమనిస్తేనే ఆ రాత్రి చరిత్ర బోధపడుతుంది.

ఆ తుపాను ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనంగా పుట్టి, వెచ్చని నీటి ఆవిరితో బలపడి, రోజుల తరబడి పడమటి దిక్కుగా నడిచింది. నవంబరు తుపాన్లలో చాలా వాటి దారి అదే. వారం ముందే, 12వ తేదీన, మరొకటి నాగపట్నం దగ్గర తీరం దాటింది. ఇది మాత్రం ఉత్తరానికి మళ్లింది. మన వైపు తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి ఉత్తరంగా వచ్చే తుపానుకు కుడిపక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది, దానికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. ఎడమపక్కన, ఒంగోలు వైపు, అదే గాలి నీటిని కడలిలోకే నెడుతుంది. దివిసీమ కుడిపక్కన పడింది. పైగా అక్కడి సముద్రం లోతు తక్కువ, తీరం వంపు తిరిగి ఉంది, నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. వచ్చిన నీటికి కిందికి జారే దారి లేదు, పక్కలకు పోయే చోటూ లేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చింది. నేలెక్కిన తుపానుకు సముద్రపు ఆవిరి అందదు, ఒకటి రెండు రోజుల్లో నీరసించిపోతుంది. ఇదీ అలాగే నీరసించింది, కానీ అప్పటికే జరగవలసిన ఘోరం కొన్ని గంటల్లో జరిగిపోయింది.

పూరిళ్లు, రోడ్లు లేని ఊళ్లు, పేదరికం, ఇవే అసలు కారణమని కొందరంటారు. చావుల సంఖ్యను అవి పెంచాయన్నది కాదనలేం. అయితే ప్రకాశం జిల్లా తీరంలోనూ అలాంటి ఇళ్లే ఉన్నాయి. అక్కడ గాలికి ఇళ్లు కూలాయి, పంటలు పోయాయి, కానీ దివిసీమలోలా మనుషులు వేలల్లో కొట్టుకుపోలేదు. హెచ్చరికే అందలేదన్న మాట కూడా సగం నిజమే. రేడియోలో తుపాను వార్త వచ్చింది. లేనిది, ఏ ఊరు మునుగుతుందో ముందే లెక్కగట్టి మనుషుల్ని తరలించే ఏర్పాటు. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది. అంటే ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. నూటపదమూడేళ్లు గడిచినా ఆ అనుభవం పాలనా యంత్రాంగంలో ఆచరణగా మారలేదు. ఇది క్షమించదగ్గ మరుపు కాదు.

1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గరే ఇంకో తుపాను తీరం దాటింది. బలంలో 1977 నాటిదానికి తీసిపోనిది. ఈసారి లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. 1977 తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు అక్కరకొచ్చాయి. మృతులు వెయ్యి లోపే. అయితే 1996 నవంబరు 6న కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా ఎందుకు పోయారని అడగవచ్చు. వారిలో చాలామంది అప్పటికే వేటకు వెళ్లి సముద్రం మీద ఉన్నారు. తీరంలో ఉన్నవారికి చేరిన కబురు పడవల్లోని వారికి చేరలేదు. కనుక ఈ ఉదాహరణ, ముందే తరలిస్తే ప్రాణాలు దక్కుతాయన్న వాదాన్ని బలపరుస్తుందే గాని కొట్టేయదు.

నేటి వాతావరణ శాఖ బులెటిన్లలో ఉప్పెన ఎత్తు, మునిగే మండలాల పేర్లు కూడా ఉంటున్నాయి. టీవీలు మాత్రం తీరం దాటే చోటునే పదేపదే చూపిస్తాయి. మీ ఊరు ఆ చోటుకు కుడిపక్కన ఉంటే, ఎంత దూరమైనా సరే, ఆ బులెటిన్‌ను చివరి వరకూ చదవండి.