భారతదేశమున కర్బనోద్గార నియంత్రణము – ఆర్థికాభివృద్ధి : చరిత్ర

బొగ్గు, చమురు, సహజవాయువు మున్నగు ఇంధనములను కాల్చుటవలన పుట్టు బొగ్గుపులుసు వాయువు వాతావరణమున పేరుకొని భూతాపమును పెంచుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిన నాటనుండి, ఆ ఉద్గారములను అదుపులో నుంచుకొనుచునే ప్రజల జీవనస్థాయిని పెంచుకొనుట యెట్లను ప్రశ్న వర్ధమానదేశము లన్నిటికిని ఎదురైనది. సంపన్నదేశములు శతాబ్దమునకు మించి బొగ్గును యథేచ్ఛగా కాల్చి తమ పరిశ్రమలను నిర్మించుకొనగా, ప్రతి యింటను విద్యుద్దీపము వెలుగక పూర్వమే మితవ్యయమును పాటింపవలసిన స్థితి భారతదేశమునకు సంప్రాప్తమైనది. ఈ దేశము నడచిన మార్గమును పరిశీలించువారికి ఒక విశేషము కానవచ్చును. మిక్కిలిగా ఫలించిన ప్రయత్నములలో అధికభాగము చమురుకొరత, విదేశమారక ద్రవ్యపుకొరత, విద్యుత్తుకొరత అను స్వదేశీయావసరములనుండి పుట్టినవే. అంతర్జాతీయ సభలలో చేసిన ప్రతిజ్ఞలు వాటికి తరువాత తోడుపడినవి.

1972 జూన్ మాసమున స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభకు, ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధానమంత్రిని మినహాయించినచో, హాజరైన ప్రభుత్వాధినేత ఇందిరాగాంధి యొక్కరే. దారిద్ర్యమును నిర్మూలింపక పర్యావరణమును రక్షింపజాలమని, ఆకలితో నున్నవారికి అడవులను గూర్చియు నదులను గూర్చియు ఉపదేశించుట నిష్ఫలమని ఆమె ఆ సభలో వాదించెను. భూతాప సమస్య ఇంకను రాజకీయవేదికల కెక్కని ఆ రోజులలో వినిపించిన ఈ వాదమే, తరువాతి అర్ధశతాబ్దమున భారతదేశము చేసిన దౌత్యమున కంతకును ఆధారభూతమైనది.

మరుసటి సంవత్సరమే చమురు సంక్షోభము తలయెత్తినది. 1973 చివరనుండి 1974 ఆరంభమువరకు గల కొలది మాసములలో ముడిచమురు ధర రమారమి నాలుగింతలు కాగా, దిగుమతుల భారమునకు క్రుంగిన ప్రభుత్వము ఇతర శక్తివనరుల నన్వేషింప నారంభించెను. 1981లో అదనపు శక్తివనరుల సంఘమును, 1982లో సంప్రదాయేతర శక్తివనరుల శాఖయు ఏర్పడినవి. ఆ శాఖయే 1992లో ప్రత్యేక మంత్రిత్వశాఖగా పరిణమించినది. ఈ కార్యక్రమములకు పెట్టుబడి సమకూర్చుటకై 1987లో భారత పునరుత్పాదక శక్తి అభివృద్ధి సంస్థ నెలకొల్పబడినది. పల్లెలలో గోబరుగ్యాసు కుండీలు, సముద్రతీరములందును కనుమలయందును గాలిమరలు ఆ కాలపు ప్రయత్నములు. తమిళనాట ముప్పందల్ ప్రాంతమున వెలసిన గాలిమరల సముదాయము వానిలో ప్రఖ్యాతమైనది. అప్పటి అధికారుల దృష్టి కర్బనముపై నున్నదని చెప్పుటకు వీలులేదు. ఇంధనమును పొదుపుచేయవలెనన్నదే వారి తపన. ఆ తపనయే తరువాతివారికి మార్గమును సిద్ధపరచినది.

1990 ప్రాంతమున ఉద్గారముల బాధ్యత ఎవరిదన్న వివాదము తీవ్రమైనది. అమెరికాకు చెందిన ఒక పరిశోధన సంస్థ భారత చీనా దేశములకు పెద్దపాలు అంటగట్టుచు గణాంకములను వెలువరింపగా, అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అను పర్యావరణవేత్తలు 1991లో దానిని ఖండించుచు ఒక చిన్న గ్రంథమును ప్రచురించిరి. వరిచేల నుండియు పశువుల నుండియు వెలువడు మీథేనును, విలాసముకొరకు నడుపు మోటారుకార్ల పొగను ఒకే త్రాసున తూచుట న్యాయము కాదనియు, వాతావరణముపై మానవులందరికిని సమానమైన హక్కు కలదనియు వారు వాదించిరి. పుటలు కొలదియే యైనను, వర్ధమానదేశముల పక్షమున ఇంత సూటిగా నిలిచిన రచన మరియొకటి ఆ దశకమున అరుదు. 1992లో రియో డి జనీరోలో సంతకములు జరిగిన వాతావరణ ఒడంబడికలో, బాధ్యత అందరిదియే యైనను దాని పరిమాణము వేర్వేరన్న సూత్రము స్థానమును పొందినది. 1997 నాటి క్యోటో ఒప్పందము ఉద్గారములను తగ్గింపవలెనన్న నిర్బంధమును సంపన్నదేశములకు మాత్రమే విధించి, వర్ధమానదేశములలో ఉద్గారములను తగ్గించు పనులకు సంపన్నదేశముల ధనము చేరుటకు స్వచ్ఛాభివృద్ధి విధానమును కల్పించెను. ఆ విధానము క్రింద విశాఖపట్నమున ఇండ్లకు తక్కువ విద్యుత్తుతో వెలుగు దీపములను పంచిన పథకము 2009లో నమోదై, అట్టి దీపముల పంపిణీకి ప్రపంచమున మార్గదర్శియైనది.

ఈ చరిత్రలో ప్రజలకు అంతగా తెలియనిదియు, నిజమునకు అత్యంత ఫలవంతమైనదియు శక్తిపొదుపు అధ్యాయము. 2001లో పార్లమెంటు శక్తి సంరక్షణ చట్టమును చేయగా, మరుసటి సంవత్సరము శక్తి సామర్థ్య బ్యూరో ఏర్పడినది; 2006 నుండి ఫ్రిజ్‌లపైనను ఏసీలపైనను కనబడు నక్షత్రపు చీటీలు ఆ బ్యూరో ప్రవేశపెట్టినవే. 2012లో సిమెంటు, ఉక్కు, ఎరువులు, థర్మల్ విద్యుత్తు మొదలగు ఎనిమిది రంగములకు చెందిన 478 కర్మాగారములకు, టన్ను సరుకునకు ఎంత శక్తిని వాడవచ్చునో లక్ష్యములు నిర్ణయింపబడినవి. లక్ష్యమునకు మించి పొదుపుచేసిన కర్మాగారము తన మిగులును పత్రముల రూపమున, లక్ష్యమును చేరలేని దానికి అమ్ముకొనవచ్చును. ఉత్పత్తిని తగ్గింపుమని ఎవరినిగాని శాసింపక, ప్రతి టన్నుకును ఖర్చగు ఇంధనమును తగ్గించువానికి లాభమును చూపుట ఈ పద్ధతియందలి మర్మము. తొలి మూడు సంవత్సరములలో పొదుపైన శక్తి 86 లక్షల టన్నుల చమురునకు సమానమై, తత్ఫలితముగా రమారమి 3 కోట్ల 10 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియక నిలిచినది. తరువాత 2022లో చట్టమును సవరించి, 2023లో కర్బనపత్రముల విపణికి నియమావళిని ప్రకటించుట కీ యనుభవమే పునాది.

ఎల్‌ఈడీ దీపముల కథ ఇంతకంటె ఆశ్చర్యకరము. 2015 జనవరి 5న దేశవ్యాప్తముగా ఆరంభమైన ఉజాలా పథకమున, ప్రభుత్వరంగ సంస్థ యొకటి లక్షలకొలది దీపములను ఒక్కసారిగా కొనుటవలన, 2014లో 310 రూపాయలకు దొరికిన దీపము 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చినది. ధర పతనమైనది రాయితీవలన కాదు, కొనుగోలు పరిమాణమువలన. ఈ భేదము మరువదగినది కాదు. 36 కోట్లకు పైగా దీపములు ఈ విధముగా ఇండ్లకు చేరినవి. పేదవాని విద్యుత్తు బిల్లు తగ్గుట, సాయంకాలపు విద్యుత్తుకొరత తగ్గుట, బొగ్గు మిగులుట అను మూడు ప్రయోజనములును ఒకే పనివలన సిద్ధించినవి. వృద్ధికిని ఉద్గారనియంత్రణమునకును సహజవైరము కలదనువారికి ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు.

2008 జూన్ 30న ప్రకటింపబడిన జాతీయ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది ఉద్యమములలో సౌరశక్తి ఉద్యమము ప్రధానమైనది. 2010లో అది ఆరంభమైనపుడు 2022 నాటికి 20,000 మెగావాట్ల లక్ష్యము నిర్ణయింపబడి, 2015లో అది లక్ష మెగావాట్లకు పెంపబడెను. తొలి వేలములలో యూనిట్టునకు సుమారు 12 రూపాయలు పలికిన సౌరవిద్యుత్తు, 2017లో రాజస్థానమునందలి భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు దిగినది. చీనాలో సౌరఫలకముల ఉత్పత్తి విస్తారముగా పెరుగుట ఇందుకు ముఖ్యకారణ మని యొప్పుకొనుటలో చిన్నతనము లేదు. 2017లోనే కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామముల పరిసరములయందు 1,000 మెగావాట్ల సౌరోద్యానము పూర్తియైనది. 2022లో రామగుండమున థర్మల్ కేంద్రపు జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు ఫలకములు పరుపబడినవి. బొగ్గుతో పేరుపొందిన ఊరియందే ఇది జరుగుట గమనింపదగినది.

అంతర్జాతీయ వేదికలపై భారతదేశము మొత్తము ఉద్గారములను తగ్గింతునని గాక, జాతీయోత్పత్తిలో రూపాయికి వెలువడు ఉద్గారములను, అనగా ఉద్గారతీవ్రతను తగ్గింతునని మాట యిచ్చుచు వచ్చినది. 2015లో పారిస్ ఒప్పందమునకు ముందు, 2005తో పోల్చి 2030 నాటికి 33 నుండి 35 శాతము తగ్గింపును వాగ్దానము చేసి, 2022లో దానిని 45 శాతమునకు పెంచెను. 2005 నుండి 2020 వరకు ఈ తీవ్రత 36 శాతము తగ్గిన ట్లాధికారిక నివేదిక తెలుపుచున్నది. అదే కాలమున జాతీయోత్పత్తి రెట్టింపునకు మించి పెరిగినది. ఐనను తీవ్రత తగ్గుట వేరు, మొత్తము తగ్గుట వేరు. మొత్తము ఉద్గారములు ఇంకను పెరుగుచునే యున్నవి. తలసరి లెక్కలో మాత్రము అవి ప్రపంచపు సగటులో సగమునకును తక్కువ. 2021లో గ్లాస్గో సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ నికరశూన్య ఉద్గారములకు 2070వ సంవత్సరమును గడువుగా ప్రకటించెను.

ఈ ప్రస్థానమున లోపములును కలవు. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 రూపాయలైన సుంకము స్వచ్ఛశక్తి నిధికై ఉద్దేశింపబడినదే. కాని 2017లో వస్తుసేవల పన్ను అమలులోనికి రాగా ఆ ధనము రాష్ట్రముల నష్టపరిహారమునకు మరలింపబడెను. ఇది శోచనీయము. మరియొక వైపు, కట్టెలపొయ్యి పొగలో కండ్లు పోగొట్టుకొను స్త్రీకి వంటగ్యాసు సమకూర్చుట ఉద్గారముల లెక్కలో స్వల్పముగా హెచ్చు కావచ్చును. కాని అది వదలుకొనరాని హెచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వలా పథకమును అట్టి న్యాయమైన హెచ్చునకు నిదర్శనములు.

2025 జూన్ నాటికి దేశముయొక్క విద్యుదుత్పాదక సామర్థ్యమున సగము బొగ్గు, వాయువు మున్నగు ఇంధనములకు వెలుపలి వనరులదైనది. 2030కి పెట్టుకొనిన గడువునకు ఐదేండ్లు ముందుగా ఇది నెరవేరినది. అయితే సూర్యుడు అస్తమించిన వెనుక దీపములను వెలిగించుచున్నది ఇప్పటికిని బొగ్గే. వాస్తవముగా ఉత్పత్తి యగుచున్న విద్యుత్తులో రమారమి నాలుగింట మూడువంతుల పాలు దానిదే. పగటి విద్యుత్తుతో నీటిని ఎత్తిపోసి శక్తిని రాత్రికి నిలువచేయు కేంద్రములు, నంద్యాల జిల్లాలోని పిన్నాపురమువద్ద తలపెట్టినట్టివి, ఇంకను అనేకము కావలసి యున్నవి. సింగరేణివంటి ప్రాంతములలో గనిపై ఆధారపడిన కుటుంబములకు గని మూతపడక పూర్వమే ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపుట ప్రభుత్వముల విధి. ఆ యేర్పాటు నేటికిని అసంపూర్ణముగనే యున్నది.