మోక్షాధికారం ఎవరిది?

రెండేళ్ళ క్రితం తరగతిలో ఎర్రన భారతం నుంచి ధర్మవ్యాధుడి కథ చెబుతున్నాను. వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, అంత ధర్మం తెలిసినవాడు మాంసం కొట్టులోనే ఎందుకు వుండిపోయాడండీ?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ చిరునవ్వు నవ్వి, "స్వధర్మం నాయనా" అని దాటవేశాను. ఆ కుర్రవాడి తండ్రి సంతలో మాంసం అమ్ముతాడని తరువాత తెలిసింది. తోటివాళ్ళు ఎందుకు నవ్వారో అప్పుడు అర్థమైంది. ఆనాడు నేను ఎగవేసిన జవాబును ఇక్కడ చెప్పుకోవాలనే ఈ వ్యాసం.

హిందూమతానికి ఏకైక ప్రవక్త లేడు, ఏకైక గ్రంథమూ లేదు. అయినా కర్మ, పునర్జన్మ, ధర్మం, మోక్షం అనే నాలుగు భావాలను వేదాంతుల నుంచి భక్తుల దాకా అత్యధికులు అంగీకరించారు. ఇవి అనాదిసిద్ధమైనవని పండితులు అంటారు. కాని చరిత్ర అలా చెప్పదు. ఋగ్వేద ఋషులు కోరినది నూరేళ్ళ ఆయుష్షు, ఆవులు, వీరులైన కొడుకులు. మళ్ళీ మళ్ళీ పుట్టడమనే బాధ వారికి వున్నట్టు స్పష్టంగా కనిపించదు. బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు మరణానంతరం మనిషి ఏమవుతాడని అడిగితే, యాజ్ఞవల్క్యుడు అతని చేయి పట్టుకొని సభలోనుంచి పక్కకు తీసుకుపోతాడు. ఆ ఏకాంతంలో వారు మాట్లాడుకున్నది కర్మ గురించి. అంటే ఆనాటికి అది నలుగురిలో చెప్పుకునే మాట కాదన్నమాట.

గంగామైదానంలో అడవులు నరికి, ఇనుప పనిముట్లతో సేద్యం విస్తరించి, పట్టణాలూ రాజ్యాలూ తలెత్తిన కాలమది. శ్రమించేవారొకరు, అనుభవించేవారొకరు అయిన కాలమది. బుద్ధుడూ మహావీరుడూ ఈ నేలమీదనే దుఃఖవిముక్తిని గురించి బోధించారు. ధర్మార్థకామాల సరసన మోక్షం నాలుగవ పురుషార్థంగా స్థిరపడినది క్రమక్రమంగానే. వాత్స్యాయనుడు తన గ్రంథారంభంలో నమస్కరించినది ధర్మార్థకామాలకు మాత్రమే.

ఈ కొత్త ఆదర్శంలో గొప్పదనం లేదని నేననను. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కొడుక్కి చేసిన బోధ ప్రకారం సర్వభూతాలలోని ఆత్మ ఒక్కటే. ఇంతకు మించిన సమత్వం వేరే వుంటుందా? అయితే దానికి ముందటి అధ్యాయమే మరొక సంగతి చెబుతుంది. మంచి నడవడి గలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాలలో పుడతారనీ, చెడునడవడి గలవారు కుక్కగానో, పందిగానో, చండాలుడుగానో పుడతారనీ దాని సారాంశం. ఆత్మలో సమత్వం, పుట్టుకలో అసమత్వం! ఈ రెంటికీ వేసిన వంతెనే కర్మసిద్ధాంతం. ఉన్నవాడి కలిమీ లేనివాడి లేమీ వారివారి పూర్వజన్మల సంపాదనలే అయినప్పుడు, వర్తమానంలో నిలదీయవలసిన వాడెవడూ మిగలడు.

మోక్షానికి జ్ఞానం కావాలి, జ్ఞానానికి వేదం కావాలి, వేదానికి అధికారం కావాలి. అధికారమంటే ఇక్కడ అర్హత. బ్రహ్మసూత్రాల ప్రథమాధ్యాయంలో శూద్రునికి ఆ అర్హత లేదని శంకరులు భాష్యం వ్రాశారు. వేదం విన్న శూద్రుని చెవులలో సీసం, లక్క పోయాలన్న స్మృతివాక్యాన్ని ప్రమాణంగా ఎత్తిచూపారు. అక్కడే ఒక చిక్కు వచ్చింది. విదురుడూ ధర్మవ్యాధుడూ జ్ఞానులే గదా, వారి మాటేమిటి? అది పూర్వజన్మ సంస్కారఫలమని సమాధానం. ఇతిహాస పురాణాలు వినడానికి మాత్రం నాలుగు వర్ణాలవారికీ అధికారం వుందన్నారు. జగమంతా ఒకే బ్రహ్మమని చాటిన మహామేధావికి గుమ్మం దగ్గర ఒక కావలివాడు అవసరమయ్యాడు.

ఇప్పుడు కథలోకి వద్దాం. కోపదృష్టితో కొంగను కూల్చిన కౌశికుడికి ఒక గృహిణి బుద్ధి చెప్పి, మిథిలలోని ధర్మవ్యాధుడి దగ్గరికి పంపుతుంది. తపస్వి అయిన బ్రాహ్మణుడు మాంసం అంగడి ముందు నిలబడి ధర్మం నేర్చుకుంటాడు. నడవడిని బట్టి నీవే బ్రాహ్మణుడవని అంటాడు. ఎంత సాహసోపేతమైన కల్పన! అయితే కథ అక్కడితో ఆగదు. తాను పూర్వజన్మలో బ్రాహ్మణుడననీ, ముని శాపంవల్ల ఇలా పుట్టాననీ, శాపం తీరాక తిరిగి బ్రాహ్మణుడనవుతాననీ వ్యాధుడి నోటనే పలికించారు. ఒక చేత్తో తెరచిన తలుపును రెండవ చేత్తో మూశారు. మాంసం అమ్మేవాడు మాంసం అమ్మేవాడుగానే జ్ఞాని కావడాన్ని కథ సహించలేకపోయింది.

స్త్రీలూ వైశ్యులూ శూద్రులూ కూడా పరమగతిని పొందుతారని గీత తొమ్మిదవ అధ్యాయం అన్నది. అదే గీత చివరి అధ్యాయంలో స్వధర్మాన్ని వదలవద్దన్నది. భక్తి భూస్వామ్య విధేయతకు ఊతమైందని కోశాంబి తన 1962 నాటి గ్రంథంలో వాదించాడు. ఆ వాదంలో బలముంది గాని, సత్యమంతా అందులో ఇమడలేదని నా అభిప్రాయం. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో అంత్యజులైన భక్తులను తలకెత్తుకున్నాడు. వేమన కులాన్ని నిలదీశాడు. దూదేకుల సిద్దయ్య వీరబ్రహ్మానికి ప్రియశిష్యుడయ్యాడు. మతం పాలకుల కుట్ర మాత్రమేనని మనలో కొందరు మిత్రులు అంటూంటారు. అలా అనేస్తే తలుపు తట్టిన ఈ చేతులన్నీ మనకు కనబడకుండా పోతాయి. భూమిమీద విముక్తి అందనివారు మోక్షమనే మాటలో తమ ఆశను దాచుకున్నారు.

ఆ ఆశ మన కాలంలో వీధిలోకి వచ్చింది. 1930లో నాసిక్ కాలారాం మందిరం ముందు అంబేద్కర్ నాయకత్వాన వేలమంది నిలబడ్డారు. తలుపులు తెరుచుకోలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం 1947లో వచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం అస్పృశ్యతను నిషేధించింది. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ అనుచరులతో కలిసి బౌద్ధం స్వీకరించాడు. శాస్త్రాల పవిత్రతపై నమ్మకం సడలనిదే కులం పోదని ఆయన 1936లోనే వ్రాశాడు. చట్టం గుడితలుపు తీయగలదు. కాని తరగతిలో ఆ నవ్వును ఆపగలిగిందా?

కాబట్టి ఈ కథను పాఠ్యప్రణాళిక నుంచి తీసివేయమని నేను కోరను. సగం దగ్గర ఆపకుండా చెప్పమంటాను. కౌశికుడి వినయాన్ని మెచ్చుకుందాం. ఆ శాపకథ ఎందుకు అవసరమైందో కూడా అడుగుదాం. మరుసటి ఏడు నేను అలాగే చెప్పాను. మొదటి విద్యార్థి అప్పటికి కాలేజీ వదిలి వెళ్ళాడు. అతడు అడిగిన ప్రశ్నను, మొదట నేనిచ్చిన తప్పు జవాబునూ చెప్పి పాఠం మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.