బ్లూ కట్ కండ్లద్దాలు నిజంగా అవసరమా? ముందు చేయించాల్సింది చూపు పరీక్ష

ఇప్పుడు కండ్లద్దాల షాపుకు పోతే తరచూ వినిపించే మాట 'బ్లూ కట్'. ఫోన్, కంప్యూటర్ వెలుతురులోని నీలి కాంతి కండ్లను పాడు చేస్తుందని, ఈ అద్దాలు కాపాడుతాయని చెబుతారు. పిల్లల కోసమని తల్లిదండ్రులు ఎక్కువ డబ్బులు పెట్టి మరీ కొంటున్నారు. ఈ ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా?

పరిశోధనల్లో తేలింది

2023లో కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ కట్ అద్దాల వల్ల కంటి అలసట తగ్గినట్టు, కనీసం తక్కువ కాలంలో, కనబడలేదు. అమెరికా కంటి వైద్యుల అకాడమీ కూడా వీటిని సిఫార్సు చేయడం లేదు. ఫోన్ నుంచి వచ్చే నీలి కాంతి ఎండలో ఉండే దానిలో చాలా చిన్న భాగం. దానివల్ల కంటి లోపలి రెటీనా దెబ్బతింటుందనడానికి ఆధారం లేదు. ఇలాంటి ప్రకటన ఇచ్చినందుకు బ్రిటన్‌లో 2017లో ఒక పెద్ద అద్దాల సంస్థకు 40 వేల పౌండ్ల జరిమానా పడింది.

షాపులో నీలి టార్చ్ కొట్టి, అద్దం దాన్ని ఆపుతోందని చూపిస్తుంటారు. ఆ టార్చ్ కాంతి ఎక్కువగా ఊదా రంగు వైపుది. ఫోన్ నీలి కాంతి వేరు, అందులో ఎక్కువ భాగం అద్దం దాటి వచ్చేస్తుంది.

మరి కండ్లు ఎందుకు మండుతాయి?

మామూలుగా నిమిషానికి 15 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ చూసేటప్పుడు అది 5 నుంచి 7 సార్లకు పడిపోతుంది. కన్ను ఆరిపోయి మంట, నీరు కారడం మొదలవుతుంది. గంటల తరబడి దగ్గరి వస్తువునే చూస్తే కంటి కండరం అలిసిపోతుంది. సైట్ ఉండి కూడా అద్దాలు లేకపోతే తలనొప్పి ఇంకా ఎక్కువ.

సిరిసిల్లలో సాంచాల మీద తెగిన దారం ముడివేసేవారికి, కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు దగ్గరి చూపే బతుకుదెరువు. 40 ఏళ్లు దాటితే చత్వారం వస్తుంది. వీళ్లకు పనికొచ్చేది సరైన నంబర్ అద్దాలే, బ్లూ కట్ పూత కాదు.

రాత్రి ఫోన్‌తో అసలు సమస్య నిద్ర

గల్ఫ్‌లో ఉన్న నాన్నతో, భర్తతో వీడియో కాల్ చాలా ఇండ్లలో రోజూ ఉండేదే. రియాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే కోరుట్లలో పన్నెండు. పడుకునే ముందు వెలుతురు శరీరంలో నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. కాల్ అయిపోయినా వీడియోలు చూస్తూ కూర్చుంటే ఫజ్ర్‌కు లేవడం కష్టం, పిల్లలకు బడిలో కునుకుపాట్లు. కాల్‌ను వీలైతే తొందరగా పెట్టుకోవాలి. పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టాలి. ఇది బ్లూ కట్ కంటే మేలు, పైసా ఖర్చు లేదు.

ఇంట్లో పాటించాల్సినవి

• ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. మధ్యమధ్యలో గట్టిగా రెప్ప వేయాలి.
• కంప్యూటర్ చేయి చాచినంత దూరంలో ఉండాలి. చీకట్లో ఫోన్ చూడొద్దు.
• రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్ ఇవ్వొద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.
• బడి పిల్లలను రోజూ బయట వెలుతురులో ఆడనివ్వాలి. దూరపు చూపు మందగించే ముప్పు దాంతో తగ్గుతుంది.
• మంట తగ్గాలని పసిపిల్లల కండ్లకు సుర్మా పెట్టొద్దు. బజారులో దొరికే కొన్ని రకాల్లో సీసం ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు కూడా సొంతంగా వేయొద్దు.

ఎప్పుడు చూపించాలి?

పిల్లలు బోర్డు కనబడట్లేదన్నా, టీవీకి దగ్గరగా పోయి కూర్చున్నా, కండ్లు చికిలించి చూసినా పరీక్ష చేయించాలి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో రాష్ట్రమంతటా ఊరూరా పరీక్షలు చేసి ఉచితంగా అద్దాలిచ్చారు. అప్పుడు తీసుకున్న అద్దాల నంబర్ ఇప్పటికి మారి ఉండొచ్చు, మళ్లీ చూపించుకోవాలి. ముందుగా జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడగొచ్చు. పెద్ద సమస్య అయితే హైదరాబాద్ మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది.

చూపు ఒక్కసారిగా తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, పసిబిడ్డ కంటి పాపలో తెల్లగా మెరిసినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

బ్లూ కట్ వేయించుకున్నవాళ్లకు నష్టమేమీ లేదు. అయితే చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే అది డాక్టర్ పరీక్షకు, సరైన నంబర్ అద్దాలకే పెట్టాలి.