నిర్బంధ సైనిక శిక్షణ (విద్యార్థులకు)

చదువుకునే వయసు మగపిల్లలు కవాతు, తుపాకి వాడకం, శిబిర జీవితం నేర్చుకుని తీరాలన్న నిబంధనే నిర్బంధ సైనిక శిక్షణ. స్వతంత్ర భారతదేశంలో ఇది 1963 నుంచి 1968 దాకా, ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) రూపంలో కళాశాలల్లో అమలైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం మొదలుకొని ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల దాకా ఆనాటి డిగ్రీ విద్యార్థులది ఇదే అనుభవం.

బ్రిటిష్ పాలనలో కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ వచ్చిన 1917 నాటి ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం ఈ దేశంలో ఉంటున్న ఐరోపా సంతతి బ్రిటిష్ పౌరులకే నిర్బంధం విధించింది; 16 నుంచి 18 ఏళ్ల కుర్రవాళ్లు కూడా శిక్షణ పొందాల్సిందే. భారతీయులు ఇష్టముంటే చేరవచ్చు, అంతే. చదువుకున్న భారతీయుడి చేతికి తుపాకి ఇవ్వడానికి పాలకులు జంకారు. అందుకే మన జాతీయ నాయకుల్లో పలువురు సైనిక శిక్షణను భారంగా కాక, దక్కాల్సిన హక్కుగా చూశారు. ఇష్టపడి చేరిన విద్యార్థులతో విశ్వవిద్యాలయాల్లో ఏర్పడిన దళం 1920లో యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్‌గా, 1942లో యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్‌గా మారింది.

ఆస్ట్రేలియా మరింత దూరం వెళ్లింది. 1911 నుంచి 12 ఏళ్లు నిండిన బాలురందరికీ శిక్షణ తప్పనిసరి అయింది. భారత సేనాధిపతి పదవి నుంచి 1909లో దిగిన కిచెనర్ అక్కడికి వెళ్లి ఆ పథకానికి మెరుగులు దిద్దాడు. కవాతుకు రాని పిల్లల మీద వేల సంఖ్యలో కేసులు నడిచాయి. పసివాళ్లను కోర్టు మెట్లెక్కించిన ఆ పద్ధతిని 1929లో ఎత్తేశారు.

భారతదేశంలో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన 1946లో ఏర్పడిన కమిటీ సిఫార్సుల మీద 1948లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది. సంస్థకు తొలి సారథి కర్నల్ గోపాల్ గురునాథ్ బేవూర్. తర్వాత ఆయనే సైన్యాధ్యక్షుడయ్యారు. చేరిక పూర్తిగా స్వచ్ఛందం. 1949లో బాలికల విభాగం కూడా మొదలైంది.

1962లో చైనాతో యుద్ధంలో తగిలిన దెబ్బ ఈ స్వచ్ఛంద పునాదిని కదిలించింది. మరుసటి ఏడాదే ఆరోగ్యవంతులైన డిగ్రీ విద్యార్థులందరికీ ఎన్‌సీసీ తప్పనిసరైంది. ఆవేదన నిజమైనదే, ఏర్పాట్లే చాలలేదు. సైన్యం తానే విస్తరిస్తున్న రోజుల్లో ఇంతమంది పిల్లలకు నేర్పే అధికారులు, రైఫిళ్లు, యూనిఫాంలు ఎక్కడివి? చాలాచోట్ల శిక్షణ హాజరు పట్టీకి పరిమితమైంది. విద్యార్థుల్లో విసుగు పెరిగింది. అయినా 1965 యుద్ధంలో ట్రాఫిక్ నియంత్రణలోనూ ఆయుధ కర్మాగారాల్లోనూ క్యాడెట్లు చేసిన సేవ తీసివేయదగ్గది కాదు. 1968లో నిర్బంధం తొలగింది. దానికి ప్రత్యామ్నాయంగా 1969 సెప్టెంబరు 24న కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకాన్ని (ఎన్ఎస్ఎస్) ప్రారంభించారు.

రాజ్యాంగంలోని 23(2) అధికరణం ప్రజా ప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇప్పటికీ ఇస్తోంది. ఎన్‌సీసీ మాత్రం స్వచ్ఛందంగానే సాగుతోంది. పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలకు పేరుపడ్డ ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో దాని విలువ మార్కుల్లో తెలుస్తుంది: స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కానిస్టేబుల్ (జీడీ) పరీక్షలో ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవారికి గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, ‘బి’కి 3 శాతం, ‘ఎ’కి 2 శాతం అదనంగా కలుస్తాయి.