చెంజి కొండల నుంచి తేంగాయితిట్టు వరకు: ఒక నది దారిలో శ్రమణ చరిత్ర

పుదుచ్చేరి పట్టణపు దక్షిణ అంచున, అరియాంకుప్పం నది బంగాళాఖాతంలో కలిసేచోట తేంగాయితిట్టు ఉంది. తమిళంలో తేంగాయి అంటే టెంకాయ. తిట్టు అంటే నీటి నడుమ తేలిన మెరక. గోదావరి తీరవాసి అయితే దీనిని కొబ్బరిలంక అని ఉండేవాడు. మడచెట్లు, చేపల రేవు, ఉప్పునీటి పాయలు ఈనాడు ఈ చోటికి గుర్తులు. ఇదే నది ఒడ్డున, ఇక్కడికి సమీపంలోనే అరికమేడు దిబ్బ ఉంది. ప్రాచీన సముద్ర వాణిజ్యాన్ని అధ్యయనం చేసేవారికి ఆ పేరు సుపరిచితం.

అరికమేడును గూర్చిన రచనలు చాలావరకు సముద్రం వైపు ముఖం పెట్టి సాగినవే. రోము నుంచి వచ్చిన పాత్రలు, పశ్చిమ దేశపు ఓడలు వాటి ప్రధాన విషయం. రేవుకు వెనుక కూడా ఒక దేశం ఉంటుంది. అరికమేడుకు ఆ వెనుకదేశం చెంజి కొండలు. కొండలను రేవుతో కలిపినది నది. ఆ నది వెంట పైకి నడిస్తే తప్ప ఈ తీరపు శ్రమణ చరిత్ర పూర్తిగా అర్థం కాదు.

కొండలు

చెంజి పుదుచ్చేరికి వాయవ్యంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, నేటి విళుప్పురం జిల్లాలో ఉంది. తమిళులు సెంజి అనీ, ఆంగ్లేయులు జింజీ అనీ అన్న ఊరు తెలుగువారికి చెంజి. దాని చుట్టూ ఉన్న గుట్టలు తూర్పు కనుమల నుంచి విడివడి మైదానంలో నిలిచిన తునకలు. జవ్వాది, కల్రాయన్ పర్వతాలు వీటికి పడమటగా ఉన్నాయి. చెంజి కొండలు ఎత్తులో వాటికి సాటిరావు. కోటకు శిఖరమైన రాజగిరి ఎత్తు సుమారు 240 మీటర్లు మాత్రమే. అయినా చదునైన నేల మీద నిట్టనిలువుగా లేవడం వల్ల చాలా దూరం నుంచి కనబడతాయి.

ఈ శిలలు దక్షిణాపథంలోని అతి పురాతనమైన గ్రానైటు జాతికి చెందినవి. ఎండకు, వానకు పగుళ్ళ వెంట విడిపోయి, అంచులు అరిగి, గుండ్రని బండలుగా ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచాయి. బండకూ బండకూ మధ్య సహజంగానే నీడ, గూడు, వాననీటి దొన ఏర్పడతాయి. ఏకాంతవాసం కోరే తపస్వికి కావలసినవి ఈ మూడే. చెంజికి చేరువలోని పక్కమలై అడవుల్లో కోరమండల తీరానికి ప్రత్యేకమైన పొడి సతతహరిత వృక్షజాతులు నేటికీ మిగిలి ఉన్నాయి. విళుప్పురం నుంచి తిరువణ్ణామలైకి పోయే దారిలోని కీళ్వాలై గుట్టపై ఉన్న ఎర్రరంగు చిత్రాలు ఈ బండల నీడలో మనుషులు చరిత్రకు పూర్వమే తలదాచుకున్నారని చెబుతాయి.

నది

చెంజి కొండల పడమటి వాలులో పుట్టే నదికి శంకరాపరణి, వరాహనది, చెంజి నది అని మూడు పేర్లు. పొడవు సుమారు 80 కిలోమీటర్లు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం ఇచ్చే వానలే దీనికి ప్రాణం. మిగిలిన మాసాల్లో చాలాచోట్ల ఇసుకపాయగానే ఉంటుంది. తొండూరు వైపు నుంచి వచ్చే తొండియారు దీనిలో కలుస్తుంది. ఆ నీటిని వీడూరు ఆనకట్ట నిలుపుతుంది. దిగువన తిరువక్కరై వద్ద ఒడ్డు నేలలో రాయిగా మారిన చెట్ల మానులు బయటపడ్డాయి. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త సొన్నెరా వీటిని 18వ శతాబ్దిలోనే లోకానికి తెలియజేశాడు. ఇప్పుడు అది జాతీయ శిలాజ వనం. అక్కడి నుంచి నది విల్లియనూరును దాటి, పుదుచ్చేరి దక్షిణాన పాయలుగా చీలుతుంది. వాటిలో ఒకటైన అరియాంకుప్పం పాయ అరికమేడును ఒరుసుకుంటూ తేంగాయితిట్టు పక్కన సముద్రాన్ని చేరుతుంది.

రేవు

అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్, 1947 నుంచి జాన్ మారీ కజాల్, 1989-92 మధ్య విమలా బెగ్లీ తవ్వకాలు జరిపారు. పెరిప్లస్ గ్రంథంలోని పొదుకే రేవు ఇదేనని పండితులు గుర్తించారు. మధ్యధరా తీరపు మద్యం కూజాలు, ఇటలీలో తయారైన ఎర్రని మెరుపు పాత్రలు దొరకడంతో వీలర్ కాలంలో ఇది రోమను వర్తక స్థానంగా పేరుపొందింది. తరువాతి పరిశోధనలు ఆ చిత్రాన్ని సవరించాయి. విదేశీ పాత్రలు రాకముందే ఇక్కడ జనపదం ఉంది. అవి ఆగిపోయిన తరువాత కూడా కొనసాగింది. వీలర్ పశ్చిమ దేశపువని భావించిన చక్రాంకిత పాత్రలు భారతదేశంలోనే తయారైనవని తేలింది. అదే జాతి పాత్రలు బెంగాలు తీరంలోని చంద్రకేతుగఢ్‌లోనూ, కళింగంలోని శిశుపాలగఢ్‌లోనూ, ఆంధ్రలోని శాలిహుండం, అమరావతులలోనూ లభించాయి. అంటే అరికమేడు మొదట తూర్పు తీరపు రేవుల గొలుసులో ఒక కొలికి. ఆ తరువాతే రోముకు ద్వారం. ఆ గొలుసు బౌద్ధ స్థలాలను తాకుతూ సాగినది కావడం ఇక్కడ ముఖ్యం. పెంకులపై తమిళ బ్రాహ్మి లిపిలో తమిళ పేర్లతోపాటు ప్రాకృత పదాలూ కనబడటం ఆ రాకపోకలకు మరో సాక్ష్యం.

ఈ దిబ్బ పరిసరాల్లో బౌద్ధ స్మృతిని మొదట గుర్తించినవాడు పురాతత్త్వవేత్త కాదు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1769లో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం సాగడాన్ని చూడడానికి గిల్యోమ్ లె జాంతి పుదుచ్చేరికి వచ్చాడు. ఆనాడు మబ్బులు కమ్మి ఆ దృశ్యం ఆయనకు దక్కలేదు. కాని సమీపంలోని వీరాంపట్టణం మైదానంలో ఒక రాతి విగ్రహాన్ని చూశాడు. దాని సాగిన చెవులను, కూర్చున్న తీరును గమనించి, సయాము దేశంలో పూజించే బుద్ధునితో పోల్చాడు. ఒకప్పుడు ఈ తీరంలో ఆ మతం ఉండి అంతరించిందని ఊహించాడు. అరికమేడును ఆనుకొని ఉన్న కాక్కాయన్‌తోప్పులో బుద్ధ విగ్రహం ఒకటి నేటికీ స్థానికుల పూజలు అందుకుంటున్నది.

కొండల్లోని శ్రమణులు

నది వెంట పైకి పోతే సాక్ష్యం రూపు మారుతుంది. చెంజి తాలూకాలోని తొండూరు గుట్టలో రాతిని తొలిచి చేసిన శయ్యలు, క్రీ.శ. 3వ శతాబ్ది నాటిదని భావించే తమిళ బ్రాహ్మి శాసనం ఉన్నాయి. చెంజికి దగ్గరలోని తిరునాథర్‌కున్రు బండ మీద 24 మంది తీర్థంకరులు 2 వరుసలుగా, వరుసకు 12 మంది చొప్పున చెక్కబడి ఉన్నారు. అక్కడే చంద్రనంది అనే జైనాచార్యుడు 57 దినాలు నిరాహారుడై దేహం చాలించిన సంగతిని తెలిపే చిన్న శాసనం ఉంది. తమిళ బ్రాహ్మి నుంచి వట్టెళుత్తు లిపి రూపొందిన దశకు ఈ శాసనం ప్రసిద్ధ ఉదాహరణ. ఈ సంప్రదాయం రాళ్ళతోనే ఆగిపోలేదు. చెంజి ప్రాంతంలోని మేల్‌చిత్తామూరు తమిళ జైనులకు నేటికీ మఠస్థానం.

ఇక్కడ ఆంధ్ర తీరంతో ఒక పోలిక ఉపకరిస్తుంది. విశాఖపట్నం వద్ద తూర్పు కనుమల గుట్టలు సముద్రపు ఒడ్డుకే దిగివస్తాయి. అందువల్ల బావికొండ, తొట్లకొండ ఆరామాలలో ఒకే గుట్ట భిక్షువుకు ఏకాంతాన్నీ, నావికుని దానాన్నీ సమకూర్చగలిగింది. పుదుచ్చేరి వద్ద కొండకూ కడలికీ మధ్య రెండు మూడు రోజుల నడక ఉంది. ఏకాంతం ఒకచోట, దాతలైన వర్తకులు మరొకచోట. ఆరామం భిక్షాటనకూ వర్తకుల దానానికీ చేరువలో ఉండాలి. దీర్ఘ నిరాహార వ్రతానికి కొండగూడు చాలు. ఇక్కడి గుట్టల శాసనాలు జైనులను పేర్కొనడం, బుద్ధ ప్రతిమల జాడ తీరంలో మిగలడం ఈ భౌగోళిక స్థితికి అనుగుణంగా ఉన్నాయి.

అయితే కొండలు జైనులవి, తీరం బౌద్ధులది అని గీత గీయడం పొరపాటు. నేటి కడలూరులోని తిరుప్పాదిరిప్పులియూరు ఆనాడు పాటలీపురం అనే జైన కేంద్రం. లోకవిభాగ గ్రంథం శక 380, అనగా క్రీ.శ. 458 నాటి రచనను అక్కడికే ముడిపెట్టి, కాంచీ ప్రభువు సింహవర్మను పేర్కొంటుంది. రెండు సంఘాలూ ఒకే దారిలో నడిచాయి. ఆగిన మజిలీలు వేరు.

క్రీ.శ. 7వ శతాబ్ది ఆరంభంలో ఈ గుట్టల మీదికి రాజశిల్పం వచ్చింది. పల్లవ మహేంద్రవర్మ మండగపట్టులో తొలిపించిన గుహాలయ శాసనం ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు గుడి కట్టించినట్టు చెప్పుకుంటుంది. దళవానూరు, సింగవరం గుహాలయాలు కూడా ఈ ప్రాంతానివే. తపస్వుల గూళ్ళుగా ఉన్న శిలాజాతే ఇప్పుడు దేవాలయాలకు నెలవైంది. అదే రాజు రచించిన మత్తవిలాస ప్రహసనంలో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు పరిహాసానికి గురి అవుతాడు. నగరంలో భిక్షువు నిత్యం కనబడే మనిషి కాకపోతే ఆ పరిహాసం పండదు. కొద్ది దశాబ్దాలకు కాంచీని గూర్చి వ్రాసిన హ్యూయన్‌త్సాంగ్ ఆ దేశంలో 100కు పైగా సంఘారామాలు, 10,000 మంది భిక్షువులు ఉన్నారని తెలిపాడు. నిర్గ్రంథులు కూడా ఎక్కువగా ఉన్నారని ఆయనే చెప్పాడు.

కోట

తరువాతి కథ ఎక్కువ మందికి తెలిసినదే. రాజగిరి, కృష్ణగిరి, చంద్రాయనదుర్గం అనే 3 గుట్టలను ప్రాకారాలు కలిపాయి. విజయనగర కాలంలో తుపాకి కృష్ణప్ప మొదలైన తెలుగు నాయకులు చెంజిని రాజధానిగా చేసుకొని తీరం వరకు ఏలారు. 17వ శతాబ్ది మధ్యలో బిజాపూరు సుల్తానులు, 1677లో శివాజీ దానిని గెలిచారు. రాజారాము లోపల ఉండగా మొగలు సేన 1690 నుంచి 1698 వరకు ముట్టడించింది. 1750లో బుస్సీ నడిపిన ఫ్రెంచి దళం, 1761లో ఆంగ్లేయులు కోటను పట్టుకున్నారు. పుదుచ్చేరి సముద్రతీర వీధిలో గాంధీ విగ్రహం చుట్టూ నిలిచిన 8 శిల్పస్తంభాలు ఫ్రెంచివారు చెంజి నుంచి తెచ్చినవి. కొండ రాయి కడలి ఒడ్డుకు చేరిన ఆ దారి కొత్తది కాదు.

నేటి స్థితి

2025 జూలైలో యునెస్కో మరాఠా సైనిక స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ 12 కోటలలో తమిళనాడుకు చెందినది చెంజి ఒక్కటే. ఈ గౌరవం న్యాయమైనది. కాని అది కోటగోడల చరిత్రకు దక్కిన గౌరవం. కోటకు ముందు వెయ్యేళ్ళ పాటు ఈ గుట్టల్లో నివసించిన తపస్వుల శయ్యలు, లిపులు, చిత్రాలు ఆ ప్రాకారాలకు వెలుపల, చిన్న చిన్న గుట్టల మీద చెదరి ఉన్నాయి. జిల్లాలో సాగుతున్న కంకర, గ్రానైటు తవ్వకాలకు లోనయ్యేవి కూడా అటువంటి గుట్టలే. కోట రాయి పడిపోతే తిరిగి నిలబెట్టవచ్చు. శయ్య చెక్కిన బండ పేలిపోతే దానితోపాటు లిపి, స్థలం, నామం మూడూ పోతాయి.

దిగువన నది తన పని తాను చేస్తున్నది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. శంకరాపరణి పొంగి, విళుప్పురం జిల్లా నుంచి పుదుచ్చేరి వరకు ఒడ్డు గ్రామాలను ముంచింది. కొండ మీద కురిసిన వాన లంక దాకా ఎలా వస్తుందో ఆ కొద్ది దినాల్లో అందరూ చూశారు. అరికమేడు దిబ్బ అంచు ఇటువంటి ప్రవాహాలకు ఏనాటి నుంచో కోతకు గురవుతూనే ఉంది. తేంగాయితిట్టు మడచెట్లు కెరటానికీ ఒడ్డుకూ మధ్య మిగిలిన కాస్త అడ్డు.

కనుక ఈ ప్రాంతాన్ని కోట, రేవు, అడవి అని మూడు శాఖల వారు మూడు ముక్కలుగా చూడడం చాలదు. కొండగూళ్ళను, నదీతీరపు ఊళ్ళను, దిబ్బను ఒకే పటంలో గుర్తించే సర్వేక్షణ అవసరం. గుట్టల శాసనాలు చదివేవారు అరికమేడు పెంకులను, పెంకులు చదివేవారు గుట్టల శాసనాలను ఎదురుగా పెట్టుకోవాలి. తీరంలోని ప్రతిమల జాడ ఒంటరిగా చూస్తే వింతగా తోస్తుంది. తొండూరు శయ్యలు, తిరునాథర్‌కున్రు బండ, కాంచీ సంఘారామాల పక్కన ఉంచి చూసినప్పుడే దాని స్థానం దానికి దక్కుతుంది.