1952 హైదరాబాద్ అసెంబ్లీ ఎన్నికలు: నల్లగొండ జిల్లా తీర్పు

హైదరాబాద్ రాష్ట్రంలో వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చి జరిపిన తొలి అసెంబ్లీ ఎన్నికలు 1952 నాటివి. అప్పటికి పోలీస్ యాక్షన్ జరిగి నాలుగేళ్లు కూడా కాలేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్‌గా ఉన్నారు. పాలన మాత్రం ఢిల్లీ నియమించిన ఎం.కె.వెల్లోడి చేతిలో ఉంది.

ఓటు వేసిన తీరు

21 ఏళ్లు నిండినవారు ఓటర్లు. ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, దాని మీద గుర్తు అంటించేవారు. చీటీని నచ్చిన పెట్టెలో వేస్తే సరిపోయేది. చదువు రానివాళ్లకు ఇదే వీలు. ముస్లింలకు వేరే ఓటర్ల జాబితా లేదు, అందరిదీ ఒకటే.

ఫలితాలు

మొత్తం 175 స్థానాలు:

- కాంగ్రెస్: 93
- పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్): 42
- సోషలిస్టు పార్టీ: 11
- రైతు కూలీ పార్టీ: 10
- షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్: 5
- స్వతంత్రులు: 14

మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు 1952 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆయన మంత్రివర్గంలో ఉన్నారు.

నల్లగొండ దారి వేరు

రాష్ట్రం కాంగ్రెస్‌ది అయినా, పానగల్ ఉన్న నల్లగొండ జిల్లా మాత్రం పీడీఎఫ్ వెంట నడిచింది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో ఆ నాయకులు ఈ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లోనే. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చిన 2,33,571 కంటే ఇవి ఎక్కువ. ఇద్దరివీ ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునే నియోజకవర్గాలే.

కారణం భూమి. వెట్టి, దేశ్‌ముఖుల జులుం ఊరూరా అందరికీ తెలిసినవే. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే ముస్లిం రైతు తన పొలం కోసం విసునూర్ దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడి గెలిచాడు. చివరికి హత్యకు గురయ్యాడు. ఆ దేశ్‌ముఖ్ హిందువు. రజాకార్ల దాడులు చూసిన ఊళ్లలోనే బందగీని తమవాడిగా తలచుకునే రైతులూ ఉన్నారు.

హుజూర్‌నగర్ నుంచి మఖ్దూం

ఉర్దూ షాయర్, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ ఆ సాధారణ ఎన్నికల్లో హైదరాబాద్ నగరంలో ఓడిపోయారు. పాతబస్తీలోని శాలిబండ నుంచి కాంగ్రెస్ తరఫున మాసూమా బేగం గెలిచారు. ఆ తర్వాత అదే ఏడాది మఖ్దూంను ఉపఎన్నికలో అసెంబ్లీకి పంపింది నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్. అక్కడ ఎక్కువమంది ఓటర్లు తెలుగు మాట్లాడే హిందూ రైతులు, కూలీలు.

పోలీస్ యాక్షన్ నాటి నెత్తురు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఇంకా ఆరలేదు. మజ్లిస్ అప్పుడు రంగంలో లేదు. ముస్లింలకు ఇక రాజకీయం ఉందా అని ఎంతోమంది భయపడుతున్న కాలం అది. ఆ కాలంలో ఒక ముస్లిం నాయకుడు గెలవడానికి ముస్లిం ఓట్లే ఎక్కువ ఉండాల్సిన పనిలేదని హుజూర్‌నగర్ చూపింది. పొలం కోసం, కూలి కోసం కలిసి నిలబడినవాడిని అక్కడి జనం తమవాడనుకున్నారు.

ఈ అసెంబ్లీ 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా కొనసాగింది.