ఉగ్గుగిన్నె అడుగున ఏముంది?

మా గణపవరం, తాడేపల్లిగూడెం వైపు పాత ఇళ్లలో బీరువా అడుగు అర వెతికితే, గుడ్డలో చుట్టిన బుల్లి వెండి ఉగ్గుగిన్నె ఒకటి దొరుకుతూ వుంటుంది. "వాడకం లేదు, మార్చేసి కొత్త కుందులు కొందాం" అనుకుంటాం. కాస్త ఆగండి.

ఇంగ్లండులోనూ ఇలాంటి బుల్లి పాత్రలుండేవి. 1700 ప్రాంతంలో సంపన్నుల బొమ్మరిళ్ల కోసం లండన్ పనివారు వేలెడైనా లేని వెండి కప్పులు, కూజాలు చేసేవారు. వారిలో డేవిడ్ క్లేటన్ పేరుపడ్డవాడు. పెద్దలు తాగడానికి గుండ్రని అడుగున్న చిన్న 'టంబ్లర్' కప్పులుండేవి. అడుగు బరువు వల్ల ఒరిగినా మళ్లీ లేచి నిలబడేవి. మన కాఫీ టంబ్లరు పేరుకు మూలం అలాంటి పాత్రలే! బిడ్డకు చర్చిలో పేరు పెట్టేనాడు వెండి కప్పు బహుమతివ్వడం కూడా అక్కడి ఆనవాయితీ.

వాటి చరిత్ర వాటిమీదే వుంటుంది. 1300 నుంచి చిరుతపులి తల ముద్ర, 1478 నుంచి ఏడాదికో అక్షరం, 1544 నుంచి సింహం. మరీ చిన్నవాటికి అన్ని ముద్రలూ పడకపోయినా, పడిన కప్పు తన ఊరు, ఏడు, వెయ్యింట 925 పాళ్ల వెండి అన్న సంగతీ తానే చెబుతుంది.

మరి మన గిన్నె? 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాలో వరి పండింది, చేతిలో రూపాయలు ఆడాయి. 1835 నుంచి రూపాయి బరువు సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండే. రూపాయలు కరిగించి వస్తువులు చేయించుకోవడం దేశమంతటా వున్న అలవాటే. 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947లో నికెల్ వచ్చేసింది. అంచేత ఏనాటి రూపాయలతో చేశారన్నదాన్నిబట్టి గిన్నె విలువ మారుతుంది.

1956 వారసత్వ చట్టానికి ముందు, అన్నదమ్ములుండగా ఆడపిల్లకు తండ్రి పొలంలో వాటా లేదు. పుట్టింటివారు పెట్టిన ఈ కాస్త వెండీ ఆమె "నాది" అనుకోగలిగిన ఆస్తి. అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు అందుకే.

మన దేశంలో వెండికి హాల్‌మార్కు 2005లో గాని రాలేదు. కాబట్టి పాత గిన్నెకు సాక్ష్యం ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకమే. మార్చక తప్పకపోతే ముందు వెండి నాణ్యం పరీక్ష చేయించండి, తరుగు ఎంత తీస్తారో అడగండి. అంతకన్నా ముందు అత్తగారినో, అమ్మమ్మగారినో కూర్చోబెట్టి అది ఎవరిది, ఎప్పుడు, ఎవరికి పెట్టారు అని ఒక కాగితంమీద వ్రాసి గిన్నెలోనే వుంచండి. కరిగిపోయాక ఏ కంసాలీ ఆ పేరు తిరిగి చెప్పలేడు.